అమ్మమ్మ సందూకలోని పాత సామాన్లతో క్రిస్మస్‌కు హాలు, వాకిలి సర్దాలె. ఎట్ల?

ఫాతిమానగర్_పిల్ల
కాజీపేటలో అమ్మమ్మ వాళ్ళ ఇల్లు ఈ ఏడు అమ్మేసినం. ఎవరికి ఏం కావాలని అడిగితే నేను ఇనుప సందూక అడిగి తెచ్చుకున్న. దాంట్ల ఉన్నవి చెప్త. క్రిస్మస్ చెట్టుకు వేలాడదీసే పలచటి గాజు బుగ్గలు 11 (డజనుండె, ఒకటి నేను ఆరేండ్లప్పుడు పగలగొట్టిన). కాగితం ఊడిపోయిన వెదురు చుక్క (నక్షత్రం) చట్రం. తాత రైల్వేలో గార్డుగా చేసినప్పటి చేతి దీపం, ఎరుపు, ఆకుపచ్చ అద్దాలది. ఇత్తడి గుండిగ. 1970ల నుంచి దాచిన గ్రీటింగ్ కార్డుల కట్ట. పశువుల పాక బొమ్మల్లో మిగిలిన మూడు: మరియమ్మ, ఒక గొర్రె, ఒక జ్ఞాని.

ఇప్పుడు మేముండేది హన్మకొండల ఫ్లాటు. హాలు 11కు 14 అడుగులు. తలుపు తీస్తే నాలుగడుగుల వరండా, చెప్పుల స్టాండు, అంతే. నిన్న అన్నీ తీసి హాలంతా పెట్టి చూసిన. పాత సామాన్ల కొట్టు లెక్క ఉన్నది. మా ఆయన ఆరడుగుల ప్లాస్టిక్ చెట్టు కొందాం, లైట్లు దానికే ఉంటయి అంటున్నడు. కరీంనగర్ నుంచి మా అత్తమ్మ మొదటిసారి క్రిస్మస్‌కు మా ఇంటికి వస్తున్నది. 24 రాత్రి కేరల్స్ (క్రిస్మస్ పాటలు) పాడే చర్చి వాళ్ళు వస్తరు. అమ్మమ్మ ఇంట్లకు అడుగుపెడితే ఎట్లుండెనో అట్ల అనిపించాలె నాకు. ఏం చెయ్యాలె?

చౌరస్తా_చాయ్
ముందుగాల ఫోటో పెట్టక్కా. ఆ దీపం చూడాలె.

ఇల్లుసర్దుడు
అన్నీ ఒకేసారి కనపడితే కొట్టు లెక్కనే ఉంటది. నీ సామాన్ల తప్పేం లేదు. హాల్లో ఒక్క గోడ పట్టుకో, మిగతా మూడు గోడలు ముట్టుకోకు. సందూకనే బల్ల చెయ్యి. దాని మీద గుండిగ, గుండిగలో కొమ్మ, కొమ్మకు గాజు బుగ్గలు. సందూక మూతకు రంగు మాత్రం వెయ్యకు, ఆ తుప్పు మరకలు ఉండనీ. వాకిట్ల రెండే రెండు: పైన చుక్క, చెప్పుల స్టాండు మీద దీపం. చెప్పులన్నీ ఆ నాలుగు రోజులు లోపల బాల్కనీల పెట్టండి. సగం అలంకరణ అక్కడే అయిపోతది.

ఫాతిమానగర్_పిల్ల
@ఇల్లుసర్దుడు చెప్పుల మాట నాకు తట్టనే లేదు! కొమ్మ అంటే ఏం కొమ్మ?

ఇల్లుసర్దుడు
సరుగుడు. నర్సరీల అడుగు. గుండిగలో తడి ఇసుక పోసి గుచ్చు, రోజూ ఇన్ని నీళ్ళు పొయ్యి. 20వ తారీఖుకు ముందు తేకు, పండుగకు రాలిపోతది.

రైలుకట్ట
దీపం అనంగనే ఆగలేకపోయిన. మా బాపు కూడా కాజీపేటలనే, లోకో షెడ్డుల. నీ దీపం అడుగునో పక్కనో రైల్వే అచ్చు గుద్ది ఉంటది, చూడు. ఎన్.ఎస్.ఆర్. అని ఉంటే నిజాం స్టేట్ రైల్వేది, అంటే 1951కి ముందుది. సి.ఆర్. అంటే సెంట్రల్ రైల్వే, మన లైను 1951 నుంచి 1966 దాకా దాని కింద ఉండె. ఎస్.సి.ఆర్. అని ఉంటే దక్షిణ మధ్య రైల్వే. అది 1966 అక్టోబరు 2న ఏర్పడ్డది, అంటే దీపం ఆ తర్వాతది.

పైన పిడి తిప్పితే లోపల అద్దం మారుతది. ఒకసారి ఎరుపు, ఒకసారి ఆకుపచ్చ, ఒకసారి తెలుపు. గార్డు ఆకుపచ్చ చూపిస్తేనే బండి కదిలేది. పండుగ రంగులు రెండూ దాంట్లనే ఉన్నయి, ఇంకేం కావాలె! కిరోసిన్ మాత్రం పొయ్యకు. ఫ్లాటుల పొగ వాసన, పైగా చిన్న వరండా. బ్యాటరీతో వెలిగే ఉత్తుత్తి కొవ్వొత్తి ఒకటి లోపల పెట్టు, సరిగ్గ సరిపోతది. గీరుడు, రుద్దుడు, నల్ల రంగు వేసుడు ఏదీ వద్దు. పిడి దగ్గర రంగు అరిగి ఉంటది చూడు, అది మీ తాత చెయ్యి పడ్డ చోటు.

ఫాతిమానగర్_పిల్ల
అన్నా, ఇప్పుడే బోర్లించి చూసిన. ఎస్.సి.ఆర్. అని ఉన్నది. తాత 1968ల చేరిండని అమ్మ చెప్తది. పిడి అరిగిన చోట వేలు పెట్టి చూసిన. ఇంక ఏం రాయలేను ఇయ్యాల.

తంగేడుపువ్వు
దర్వాజకు దండ నేను చెప్త. బతుకమ్మప్పటి గునుగు ఎండబెట్టి దాచుకున్నవాళ్ళు ఎవరన్న ఉన్నరా మీ దగ్గర? గునుగు ఎండినా రూపు చెడదు, వెండి తీగ లెక్కనే ఉంటది. బతుకమ్మకు కొంత ఎరుపు, కొంత ఆకుపచ్చ రంగుల ముంచుతం కదా, అవే క్రిస్మస్ రంగులు. ఏదన్న తీగ గుండ్రంగ చుట్టి, గునుగు చిన్న చిన్న కట్టలు కట్టి, ఒకదాని మెడ మీద ఇంకోటి పడేటట్టు దారంతో చుట్టుకుంట పో. మా ఇంట్ల మూడేండ్ల సంది ఒకే దండ నడుస్తున్నది. దుమ్ము పడితే మెల్లగ దులిపితే చాలు.

గాజుబుగ్గ
నాకు ఈ మాటల్లో ఒకటి ఒప్పుదల కాలేదు. పాతకాలపు క్రిస్మస్ అంటే దానికో కాలం, ఒక తీరు ఉంటది. గాజు బుగ్గలు పుట్టింది జర్మనీల, లౌషా అనే కొండ ఊర్ల. గాజు ఊది, లోపల వెండి ద్రావణం పోసి మెరిపించేవాళ్ళు. అమెరికాలోనూ 1930ల చివర్ల నుంచి యంత్రాలతో చేసిండ్రు. రెండో ప్రపంచ యుద్ధంలో లోహం కరువైతే లోపల వెండి లేకుండ, పైన కాగితం టోపీలు పెట్టి అమ్మిండ్రు. 1959 నుంచి కొన్నేండ్లు అల్యూమినియం చెట్లు. వాటికి కరెంటు దీపాలు చుడితే షాకు కొడతదని కింద నుంచి రంగుల చక్రం తిప్పి వెలుగు వేసేవాళ్ళు. ఇదంతా ఒక ప్రపంచం. దాని పక్కన గునుగు పెడితే రెంటికీ అన్యాయమే అనిపిస్తది.

బుగ్గల జాగ్రత్త మాత్రం వినండి. నీళ్ళల్ల కడగొద్దు. టోపీ సందుల నుంచి తడి పోతే లోపలి వెండి నల్లబడి పెచ్చులు లేస్తది. పైన రంగు కూడా వేలికి అంటుకుంట వస్తది. పొడి మెత్తటి బట్టతో, ఊపిరి బిగబట్టి తుడువు. పాత బుగ్గ చేతిల పెడితే దూది అంత తేలిక, గాజు అంత పలచన.

మక్కకంకి
@గాజుబుగ్గ అన్నా, ఆమె ఉండేది హన్మకొండల, జర్మనీల కాదు 🙂 మా ఊరు హుజూరాబాద్ దిక్కు. మా చర్చిల చిన్నప్పటి నుంచి దేవదూతలంటే మక్క పొట్టుతోటి చేసినవే. ఎండిన పొట్టు గోరువెచ్చని నీళ్ళల్ల పది నిమిషాలు నానబెడితే మెత్తబడతది. మడిచి దారం కడితే తల, ఇంకో మడతతో రెక్కలు. ఆరినంక ఆ మడత అట్లనే నిలుస్తది. మా చిన్నమ్మ చేసిన దేవదూతకు 20 ఏండ్లు. అది పాతది కాదంటరా?

చౌరస్తా_చాయ్
మక్క పొట్టుతోటి దేవదూతలా! మాకు కంకి తినుడే తెలుసు.

డోర్నకల్_జంక్షన్
గాజుబుగ్గ గారి మాటకు నాది చిన్న జవాబు. డోర్నకల్‌లో బిషప్ అజరయ్య కట్టించిన ఎపిఫనీ కెథీడ్రల్ చూసిండ్రా? 1939ల ప్రతిష్ఠ. అజరయ్య 1912ల బిషప్ అయిండు, ఆంగ్లికన్ చర్చిల మొదటి భారతీయ బిషప్. ఇంగ్లండు చర్చి నకలు దింపించుకోవచ్చు ఆయన. అట్ల చెయ్యలే. లోపల గుడి స్తంభాల తీరు, పైన మసీదు గుమ్మటాల తీరు పెట్టించిండు. అక్కడ కూర్చుంటే ఏదీ అతికించినట్టు ఉండదు. గునుగు పక్కన గాజు బుగ్గ కూడ అట్లనే కుదురుతది. రెండూ ఈ అమ్మాయి ఇంటివే కదా.

గాజుబుగ్గ
డోర్నకల్ చూసిన. మీ మాట కాదనలేను. అమ్మమ్మ చేతిల నుంచి వచ్చిన వస్తువు విషయంల నా నియమం పక్కన పెడుత. కాని ఆన్‌లైన్ల "పాతకాలపువి" అని రాసి అమ్మేవి కొనకండి. పోయినేడు ఒక కొట్టు నుంచి తెప్పించుకుంటే ప్లాస్టిక్ బుగ్గలకు తుప్పు రంగు కొట్టి పంపిండ్రు. మూడు వారాలు తిరిగితే సగం పైసలు ఇచ్చిండ్రు.

ఇంకొకటి. సందూకల వెండి రంగు తళుకు దారాలు ఉంటే పట్టి చూడండి. బరువుగ, మెత్తగ, వంచితే వంగినట్టే ఉంటే సీసపు రేకులు కావచ్చు. అమెరికాల 1970ల మొదట్ల వాటిని ఆపేసిండ్రు. పిల్లల చేతికి ఇవ్వొద్దు. గాలికి ఎగిరేవి ప్లాస్టిక్‌వి, వాటితో భయం లేదు.

ఫాతిమానగర్_పిల్ల
తళుకు దారాలు లేవు. బుగ్గలు తడిబట్టతోటి ఒకటి తుడిచిన 😢 ఆకుపచ్చ రంగు కొంచెం బట్టకు అంటింది. మిగతా పది ముట్టలే.

పెంబర్తి_అల్లుడు
గుండిగ సంగతి ఎవరూ మాట్లాడలే. చింతపండు, ఉప్పు పెట్టి తోము. అద్దం లెక్క మెరవాలె. మా అత్తగారి ఊరు పెంబర్తి, ఇత్తడి రేకు మీద సుత్తి, ఉలి పెట్టి బొమ్మలు లేపేవాళ్ళ ఊరు. ఇత్తడి మెరవకపోతే వాళ్ళకు నిద్ర పట్టదు.

పాతసందూక
తోమొద్దు. ఏండ్లు పట్టి వచ్చిన ఆ గోధుమ రంగు పది నిమిషాలల్ల పోతది. తోమినంక కొత్తది కొన్నట్టు ఉంటది.

పెంబర్తి_అల్లుడు
అమ్మమ్మ ఉన్నప్పుడు తోమకుండ పండుగ చేసిందా?

పాతసందూక
... లేదు. వారం ముందు నుంచే తోముడు మొదలయ్యేది. ఇందుల మీరే గెలిచిండ్రు. గుండిగ తోము, దీపం ముట్టకు.

రైలుకట్ట
అవును, దీపం ముట్టకు. ముమ్మాటికీ.

వెదురుచుక్క
చుక్క దగ్గర ఆగుదాం, దాని మీదనే వాకిలి నిలబడతది. మా ఇంట్ల ఏటేటా నేనే కడుత. చట్రం ఉన్నది కాబట్టి సగం పని అయింది. లేనోళ్ళకు చెప్త: రెండడుగుల వెదురు బద్దలు పది, మేదరి వాళ్ళ దగ్గర చీల్పించుకోవాలె. అయిదింటితో ఒక చుక్క, అయిదింటితో ఇంకో చుక్క. రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి అయిదు మొనలు దారంతో బిగించాలె. లోపల బద్దలు ఒకదాన్నొకటి దాటే అయిదు చోట్ల ఆరంగుళాల పుల్లలు అడ్డం నిలబెడితే పొట్ట ఉబ్బుతది. అప్పుడే చుక్క ఎటు చూసినా చుక్కనే.

కాగితం గాలిపటాలదే కావాలె. సంక్రాంతి ముందు కాబట్టి డిసెంబరు చివర్ల దొరుకుడు మొదలైతది. మొనలకు ఎరుపు, నడుమ పసుపు. జిగురు కొన్నది వద్దు. మైదా పలచగ ఉడికించుకో. బొద్దింకలు కొరకకుండ చిటికెడు మైలుతుత్తం కలుపుతరు పాతవాళ్ళు. అది విషం, పిల్లలు ఉన్న ఇంట్ల వద్దు. అతికించినంక నీళ్ళు చిలకరించి నీడకు ఆరబెట్టు, కాగితం డప్పు లెక్క బిగుస్తది. వెనక ఒక ముక్క అతికించకుండ తలుపు లెక్క వదిలిపెట్టు, బల్బు మార్చడానికి. నేను మొదటి ఏడు అది మరిచి పండుగ రాత్రి చుక్క కడుపు కోసిన.

కరెంటు_మేస్త్రి
@వెదురుచుక్క బాగ చెప్పిండు. లోపల బల్బు సంగతి నేను చెప్త. పాత జీరో బల్బు పేరుకే జీరో, కాలేది 15 వాట్లు. గంటల తరబడి వెలిగితే కాగితం మాడుతది. అర వాటు ఎల్.ఇ.డి. పెట్టు, లేత పసుపు వెలుగుది అడిగి తీసుకో, తెల్లది పెడితే దవాఖాన లెక్క ఉంటది. పాత సీరియల్ సెట్లు అలంకరణకు ఉంచుకోండి గాని ప్లగ్గుల పెట్టకండి. వైరు పైతొక్క పగిలి ఉంటది. సరుగుడు కొమ్మ ఎండితే అగ్గిపుల్ల లెక్క, దాని మీద నిజం కొవ్వొత్తులు అసలే వద్దు.

మక్కకంకి
పత్తి కూడ చెప్పన్నా. మా దిక్కు మంచు కోసం కొమ్మల మీద పత్తి పరుస్తరు, ఎనుమాముల మార్కెట్టు పక్కన ఉన్నోళ్ళకు పత్తికి కరువా!

కరెంటు_మేస్త్రి
పత్తి దీపానికి మూరెడు దూరం ఉండాలె. ఇంక దాని మీద మాట లేదు.

మెదక్_మనవరాలు
మా ఊరి చర్చి రంగుటద్దాలు పొద్దున చూడాలె, రాత్రి చూస్తే ఏం కనపడదు. వెలుగు బయటి నుంచి రావాలె. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయిన గుడి అది, పుట్టుక, సిలువ, ఆరోహణం మూడు కిటికీలు. ఫాతిమానగర్_పిల్లా, మీ హాలుకు తూర్పు కిటికీ ఉన్నదా? ఉంటే చుక్కకు మిగిలిన గాలిపటం కాగితం ముక్కలు అద్దానికి లోపలి దిక్కు అతికించు. 25 పొద్దున ఎండ పడంగనే నేల మీద రంగులు పరుచుకుంటయి. మా అమ్మ అద్దె ఇంట్ల అట్లనే చేసేది.

ఫాతిమానగర్_పిల్ల
తూర్పు కిటికీ ఉన్నది!! ఇది తప్పకుండ చేస్త.

ఇంకో గోస. మా అపార్ట్‌మెంటు కమిటీ వరండాల ఏం పెట్టొద్దు, నడిచే దారి అంటున్నరు. న్యాయమే, నాలుగు అడుగులే కదా. అత్తమ్మ ఫోన్‌ల "కడప ముందు ముగ్గు నేనేస్త బిడ్డా, మీ చుక్క ఎన్ని కొసలది" అని అడిగింది. ఆమె చర్చికి పోదు. ఆ మాట వినంగనే కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. పాకల మూడు బొమ్మలే ఉన్నయి, అవి ఎట్ల నింపాలె?

తంగేడుపువ్వు
అయిదు కొసలని చెప్పు! ముగ్గు ఎవరి దారికీ అడ్డం రాదు.

చేర్యాల_చెయ్యి
పాకకు ప్లాస్టిక్ బొమ్మల సెట్టు కొనకండి, మీ మూడు పాత బొమ్మలు దిక్కులేనివి అయిపోతయి. చేర్యాలల నకాషీ వాళ్ళు రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపి ముఖాలు, బొమ్మలు చేస్తరు. ఎర్ర నేపథ్యం మీద రాముని కథలు, కుల పురాణాలు గీసేవాళ్ళు వీళ్ళే. కొలత చెప్తే యోసేపును, పసిబిడ్డను చేసిస్తరు, కాని ఇప్పటికిప్పుడు కాదు, దసరా అయిపోంగనే చెప్పుకోవాలె. ఈ ఏడుకు తొట్టి ఖాళీగ పెట్టు. 24 అర్ధరాత్రి దాకా ఎట్లాగూ ఖాళీనే ఉండాలె.

పచ్చిక కోసం గోధుమలు మొలకెత్తించు. ఒక రాత్రి నానబెట్టి మట్టిమూకుడుల చల్లితే పది రోజులల్ల జానెడు నారు. లంబాడా ఆడపిల్లలు తీజ్ పండుగకు బుట్టలల్ల తొమ్మిది రోజులు పెంచుతరు కదా, అదే పద్ధతి. ఈ రెండు రోజులల్ల నానబెట్టకపోతే పండుగకు అందదు.

పాతసందూక
కార్డులు. అసలువి బయట పెట్టకు. జిరాక్సు రంగులల్ల తీయించి అవి దారానికి బట్టల క్లిప్పులతోటి వేలాడదియ్యి. టేపు వేస్తే బొమ్మ ఊడి వస్తది. మొదటి క్రిస్మస్ కార్డు లండన్‌ల 1843ల అచ్చు వేసిండ్రట, వెయ్యి కాపీలు. మన ఇండ్లల్ల కార్డుకు బొమ్మ కన్న వెనక రాసిన రెండు వరుసలు ఎక్కువ. అందుకే వెనకవి కూడ జిరాక్సు తియ్యి.

కొత్తవాడ_నేత
కింద పరిచేదాని మాట ఎవరూ ఎత్తలే. ప్లాస్టిక్ చాప మీద సందూక పెడితే ఎంత చేసినా దండుగ. కొత్తవాడ జంపఖానా ఒకటి పరువు, ఎరుపు, నలుపు పట్టీలది. మా తాతల చేతి పని. వరంగల్ దర్రీలకు (జంపఖానాలకు) 2018ల జి.ఐ. (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. కేరల్స్ వాళ్ళు పదిమంది కూర్చున్నా కదలదు. పెద్దది వద్దు, ఆరుకు నాలుగు చాలు.

ఫాతిమానగర్_పిల్ల
(25 రాత్రి)
ఇప్పుడు కూర్చొని రాస్తున్న. ప్లాస్టిక్ చెట్టు కొనలే. మా ఆయనే మేదరి వాళ్ళ దగ్గరికి పోయి రెండు బద్దలు తెచ్చిండు, చట్రంల ఒకటి విరిగి ఉండె. చుక్కకు కాగితం ఇద్దరం అతికించినం, వెనక తలుపు మరవలే. గోధుమ నారు జానెడు రాలే, బెత్తెడు వచ్చింది, గొర్రె మెడ దాకా ఉన్నది. గొర్రెకు ఆ మాత్రం చాలు.

గుండిగ తోమింది అత్తమ్మ. చింతపండు నానబెట్టి, బాల్కనీల పీట వేసుకొని గంటసేపు. మీ అమ్మమ్మ ఇది దేనికి వాడేది అని అడిగింది, నీళ్ళు కాగబెట్టుడుకు అన్న. తర్వాత కడప ముందు అయిదు కొసల చుక్క ముగ్గు వేసి నడుమ కుంకుమ చుక్క పెట్టింది. తుడవాల్నా అని మా ఆయన అడిగితే నేనే వద్దన్న.

కేరల్స్ వాళ్ళు పదకొండున్నరకు వచ్చిండ్రు. లిఫ్టు దిగంగనే దీపం ఎర్రగ ఉన్నది. పాట అయిపోయేదాక ఎర్రగనే ఉంచిన. వాళ్ళు బయలుదేరేటప్పుడు పిడి తిప్పి ఆకుపచ్చ చేసిన. వాళ్ళల్ల ఒక పెద్దాయన, రైల్వేల చేసి రిటైర్ అయినాయన, ఆగి నిలబడి చెయ్యి ఊపిండు. పొద్దున కిటికీ నుంచి రంగులు జంపఖానా మీద పడ్డయి, మెదక్_మనవరాలా. పది నిమిషాలు ఉన్నయి. మా అమ్మ వాటి మీద చెయ్యి పెట్టి కూర్చున్నది.

రైలుకట్ట
పెద్దాయన చెయ్యి ఎట్ల ఊపిండు? పక్కకా, పైకి కిందకా?

ఫాతిమానగర్_పిల్ల
పక్కకు అన్నా, మెల్లగ.

రైలుకట్ట
సరే.

గాజుబుగ్గ
బుగ్గలు దాచేటప్పుడు పేపరుల చుట్టకండి, అచ్చు సిరా అంటుకుంటది. కోడిగుడ్ల అట్ట ట్రేలు తెచ్చి ఒక్కో గుంతల ఒక్కటి పెట్టి, పైన పాత నూలు చీర ముక్క కప్పండి. 11 ఉన్నయా?

ఫాతిమానగర్_పిల్ల
11 ఉన్నయి.